తిమ్మిరి – దాని కారణములు

చాలసేపు బాసిపట్టు వేసికొని కూర్చుండి లేచునప్పుడు కాలు మొద్దుబారి, పిమ్మట చీమలు ప్రాకినట్లు జివ్వుమనుట మన యందరకు ననుభవమే. దీనినే తిమ్మిరి యందురు. మన నరములు తంతితీగెలవంటివి. చర్మమునకు తగిలిన వేడిమిని, చల్లదనమును, నొప్పిని మెదడునకు తెలుపుట వాని పని. నరము నొక్కబడినప్పుడు ఆ వార్త నిలిచిపోవును. ఒత్తిడి తొలగినంతనే మరల సాగును. ఇట్టి తిమ్మిరికి భయపడ నక్కరలేదు.

మాటిమాటికి వచ్చుచు విడువని తిమ్మిరి వేరు. దాని ముఖ్య కారణములలో కొన్నిటిని దెలిసికొందము.

మొదటిది ఆహారలోపము. మరలో తెల్లగా పట్టిన పచ్చిబియ్యమునుండి బి1 విటమిను తవుడుతో కూడ పోవును. అట్టి యన్నమే ముఖ్యాహారమైనచోట బెరిబెరి యను వ్యాధి పుట్టి కాళ్లు తిమ్మిరెక్కి బలహీనమగును. పూర్వమిది ఉత్తర సర్కారులలో కనబడుచుండెను. జావాలో కోళ్లకు తెల్లబియ్యము పెట్టి పరీక్షించిన ఐక్‌మన్ అను డచ్చి వైద్యునకు 1929లో నోబెల్ బహుమానము లభించెను. దంపుడు బియ్యము, ఉప్పుడు బియ్యము, పప్పులు ఈ లోపమును తీర్చును. బి12 విటమిను తక్కువైనను తిమ్మిరి కలుగును. అది పాలు, గ్రుడ్లు, చేపలు, మాంసములందు దొరకును.

రెండవది మధుమేహము. రక్తమున చక్కెర చిరకాల మధికముగా నున్నచో పాదముల నరములు చెడును. ముల్లు గ్రుచ్చుకొన్నను తెలియదు. పుండు ముదిరి కాలు తీసివేయవలసి వచ్చుటయు కలదు. కావున నట్టివారు ప్రతిదినము తమ యరికాళ్లు చూచుకొనవలెను.

మూడవది మద్యపానము. అధికముగా త్రాగువారి నరములు క్రమముగా క్షీణించును.

నాలుగవది కుష్ఠురోగము. దేహముపై పాలిపోయిన మచ్చ కలిగి, అచ్చట దూదితో తాకినను తెలియకున్న వెంటనే వైద్యునికి చూపవలెను. ఇది పాపఫలము కాదు, వంశపారంపర్యమును కాదు. 1873లో హాన్సెన్ అను నార్వే వైద్యుడు కనుగొనిన సూక్ష్మజీవివలన కలుగునది. ఆరుమాసములు గాని, సంవత్సరము గాని మందు పుచ్చుకొన్న నయమగును. ప్రభుత్వ వైద్యశాలలలో నా మందు ఉచితము. సిగ్గుచే మచ్చను దాచినవారి వ్రేళ్లు వంకరపోవచ్చును. ముందుగా చూపినవారికి సాధారణముగా నట్టి యవస్థ రాదు.

అకస్మాత్తుగా ఒకవైపు చేయి, కాలు మొద్దుబారి మాట తడబడిన నది పక్షవాతము కావచ్చును; క్షణమైన నాలసింపక ఆసుపత్రికి కొనిపోవలెను.

బాలబాలికలారా! నొప్పి మనకు శత్రువు కాదు, కావలివాడు. ఆ కావలివాడు మౌనము వహించినప్పుడే మనము మరింత జాగరూకులమై యుండవలెను. ఈ సంగతి మీ యింటి పెద్దలకును దెలుపుడు.