పేరు గోల్పోయిన గుత్తి నియోజకవర్గము

2009వ సంవత్సరపు ఎన్నికలలో గుత్తి పట్టణవాసులు ఎప్పటివలెనే వోటు వేయుటకు బోయిరి. కాని వారెన్నుకొనినది గుత్తి సభ్యుని గాదు, గుంతకల్లు సభ్యుని. అంతకు ముందటి యేట, 2008లో, అమలునకు వచ్చిన నియోజకవర్గముల పునర్విభజన అనంతపురము జిల్లాలో గుత్తి, గోరంట్ల, నల్లమాడ అను మూడు పేర్లను తుడిచివేసి, వాని స్థానమున గుంతకల్లు, పుట్టపర్తి, రాప్తాడు అను మూడు క్రొత్తపేర్లను చేర్చెను. జిల్లాకు మునుపు 14 స్థానములే, పిదపను 14 స్థానములే. లెక్క సరిపోయినది గదా, యిక నష్టమేమని అడుగువారుందురు. గుత్తి యేపాటి ఊరో యెరిగినవారు అట్లడుగరు.

గుత్తికోటను మురారిరావు ఘోర్పడే 1776లో హైదరాలీకి వశము చేయవలసివచ్చెను. ఆ కోటను గెలిచినది ఫిరంగులకంటె ఎక్కువగా దాహము. ముట్టడి సాగినకొలది కొండమీది నీరు అడుగంటెను. ఈ సీమ చరిత్రయంతయు ఆ యొక్క ఘట్టమున ఇమిడియున్నదన్నను తప్పుగాదు. 1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైన పిమ్మట వాని పరిపాలకుడై రైతువారీ పద్ధతిని నెలకొల్పిన మన్రో 1827లో పత్తికొండయొద్ద విషూచిచే మరణింపగా, మొదట ఆయనను పూడ్చినది గుత్తిలోనే. ఇవి కోటలకును దొరలకును సంబంధించిన మాటలు. ప్రజాప్రాతినిధ్యమునకు సంబంధించిన ఖ్యాతి ఇంతకంటె గొప్పది.

1885లో బొంబాయిలో కాంగ్రెసు తొలిసారి సమావేశమైనప్పుడు అచట కూర్చున్న ప్రతినిధులలో గుత్తి న్యాయవాది పట్టు కేశవపిళ్లగారొకరు. అప్పటికాయన వయస్సు 25 ఏండ్లు. ఆయన పత్రికలకు వార్తలు వ్రాయుచు, రైతుల కష్టములను మదరాసువరకు వినిపించుచుండెను. 1893లో గుంతకల్లు రైల్వే గేటుకాపరి హంపన్న, తెల్లసిపాయిలబారినుండి స్త్రీలను రక్షింపబోయి వారిలో నొకని తుపాకిగుండుకు బలియయ్యెను. విచారణలో ఆ సిపాయి నిర్దోషిగా విడుదలయ్యెను. ఆ యన్యాయమును లోకమునకు చాటి, హంపన్న పేర స్మారకమును నిలుపుటకు పూనుకొనినది పిళ్లగారే. 1909 తరువాత ఆయన మదరాసు శాసనసభలో సభ్యుడై, అటవీశాఖ ఆంక్షలచే పశువుల మేతకును వంటచెరకునకును పడు పాట్లను గూర్చి ప్రభుత్వముతో వాదించెను. 1922లో బ్రిటిషుగయానాకు పోయి అచటి భారతీయ కూలీల స్థితిని విచారించివచ్చిన సంఘములోను ఆయన యుండెను. ఒక తాలూకా కేంద్రమునుండి అట్లాంటిక్ సముద్రపు టావలి యొడ్డుదాక ఆ కంఠము వినబడినది. ఆయన 1933లో దివంగతుడయ్యెను.

ఆనాడు వోటు భూమిశిస్తు కట్టువారికిని పన్నుదారులకును పరిమితము. వయోజనులందరికిని వోటువచ్చిన తొలి ఎన్నిక 1952లో జరిగెను. ఈ మెట్టసీమ వోటరు ఎవరి మాటను విన్నాడో ఎవరిని కాదన్నాడో ఆ యేడే తెలిసిపోయెను. పొరుగుననే అనంతపురములో, అప్పటికే మంత్రిపదవి నిర్వహించిన నీలం సంజీవరెడ్డిగారిని ఆయన బావమరది, కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డిగారు ఓడించిరి. అటుతరువాత గుత్తి వోటరును ఏ పక్షమునకు కట్టుబడియుండలేదు. 1999లో తెలుగుదేశమువారగు సాయినాథ గౌడుగారిని పంపెను. 2004లో కాంగ్రెసుపక్షమున నిలిచిన నీలావతిగారిని పంపెను. గుత్తి పేరున సభలో కూర్చున్న చివరి సభ్యురాలు ఆమెయే.

పునర్విభజన సంఘమునకు జస్టిస్ కుల్దీప్ సింగుగారు అధ్యక్షులు. 2001 జనాభాలెక్క ఆధారము. ఆ లెక్కలో అనంతపురము జిల్లా జనులు 36 లక్షల 40 వేలు. 14 స్థానములకు పంచగా ఒక్కొక్కదానికి సుమారు 2 లక్షల 60 వేలమంది. హైదరాబాదు జిల్లాకు వచ్చిన 15 స్థానములలోను తలకొక్కింటికి ఇంచుమించు అంతమందియే. కాని హైదరాబాదు జిల్లా వైశాల్యము 217 చదరపు కిలోమీటర్లు, అనంతపురము 19,130. అనగా అచటి సభ్యుడు సగటున 15 చదరపు కిలోమీటర్లకు లోబడిన నేలను కాలినడకను చుట్టిరావచ్చును. ఇచటి సభ్యుడు 1,366 చదరపు కిలోమీటర్లలో చెరువు తెగినచోటికిని, బోరు ఎండినచోటికిని, పంట మాడినచోటికిని పోవలెను. ఏట సగటున 550 మిల్లీమీటర్ల వాన పడు నేలలో ఇట్టి చోట్లకు కొదువలేదు.

తలలెక్క న్యాయమైనదే, ఒక్కొక్కనికి ఒక్కొక్క వోటనుట స్వరాజ్యమునకు పునాది. అయినను, తలలు తగ్గుటకు కరవే కారణమైనచోట ఆ లెక్క రెండవ దెబ్బ యగుచున్నది. 1876–78 నాటి ధాతుకరవు పిమ్మట 1881లో లెక్కింపగా, 1871తో పోల్చిన ఈ ప్రాంతపు జనాభా సుమారు అయిదవవంతు తగ్గియుండెను. నేటికిని వర్షము మొగము చాటువేసిన యేట గ్రామములు బెంగుళూరికి వలసపోవుచున్నవి. ఈ సంగతిని మన పెద్దలు ముందే గ్రహించిరి. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి గృహమైన శ్రీబాగులో సర్కారులవారును రాయలసీమవారును కుదుర్చుకొనిన ఒడంబడికలో నదీజలముల మాటయే గాక, శాసనసభ సాధారణస్థానములను జిల్లాలకు సమానముగా పంచవలెనను మాటయు గలదు. నీటిమాటను మనవారు తరచుగా తలచుచుందురు. స్థానములమాటను తలచువారు అరుదు.

గుంతకల్లుపై మాకు ద్వేషము లేదు. ఒకప్పుడు గుత్తి తాలూకాలోని గ్రామమైన ఆ ఊరు రైలుమార్గముల కూడలియై, లక్షకు మించిన జనముతో నేడు తల్లిని మించిన బిడ్డయైనది. నల్లమాడ స్థానములోని పల్లెయైన పుట్టపర్తి 2022లో జిల్లాకేంద్రమే యయ్యెను. ఊళ్లు పెరుగుట, తరుగుట సహజము. కాని పెద్దదైన ఊరు పాతపేరును మింగవలెనను నియమ మెందును లేదు. గుత్తి–గుంతకల్లు అని జంటపేరు పెట్టియున్నచో సంఘమువారి కాగితము చిరిగెడిది కాదు.

84వ రాజ్యాంగసవరణ, 2026 తరువాత జరుగు తొలి జనాభాలెక్క వెలువడువరకు స్థానముల సంఖ్యను స్తంభింపజేసెను. ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్యను 175 నుండి 225కు పెంచవచ్చునని 2014 నాటి విభజనచట్టము చెప్పుచున్నది. హద్దులు గీయునప్పుడు స్థలస్వరూపమును, రాకపోకల వసతిని, ప్రజల సౌకర్యమును చూడవలెనని 2002 నాటి చట్టముననే యుండెను. ముసాయిదాపై అభ్యంతరములను వ్రాతమూలమున తీసికొని బహిరంగముగా విచారింపవలెననియు నుండెను. మరల అట్టి గడువు వచ్చినప్పుడు గుత్తి, పామిడి రైతులును వర్తకులును న్యాయవాదులును వేర్వేరుగా గాక కలిసి ఒకే అర్జీ పెట్టుకొనుట మేలు. అందు పాత తాలూకా హద్దులును, గ్రామములనుండి పట్టణమునకు గల దూరములును, వలసపోయినవారి లెక్కయు ముందుగానే సిద్ధపరచుకొనవలెను. గోరంట్ల, నల్లమాడ వాసులకును చెప్పుకొనవలసిన మాట ఇట్టిదే గనుక, వారును అందు చేరవచ్చును.