టీకా వేయు చేతికి రక్ష యేది?

చూలుగొన్న ఆవో గేదెయో అయిదవ నెల దాటిన పిమ్మట ఈసుకొనిపోయినచో రైతుయింట దూడ లేదు, పాడి లేదు. పశువును కొన్న ఋణము మాత్రము నిలిచియుండును. దీనిని మన పల్లెలలో ఈసుడు రోగమందురు. శాస్త్రజ్ఞులు బ్రూసెల్లోసిస్ అందురు. మాల్టా ద్వీపమున జ్వరపీడితులై మరణించిన సైనికులయందు డేవిడ్ బ్రూస్ కనుగొని 1887లో ప్రకటించిన సూక్ష్మజీవియు, ఈసుకొనిన ఆవులయందు డెన్మార్కు పండితుడు బాంగ్ 1897లో ప్రకటించినదియు దగ్గఱి చుట్టములే యని తరువాత రుజువైనది. కావున నీ వ్యాధి పశువులపాకతో ఆగునది కాదు. మాయను చేతితో తీసిన వైద్యునకును, దూడను పట్టిన సహాయకునకును, పాకను శుభ్రపఱచు గృహిణికిని సోకును; పచ్చిపాల వెంట పిల్లలకును సోకును.

కేంద్రప్రభుత్వము 2019లో ప్రారంభించిన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము ఏటా 3 కోట్ల 60 లక్షల ఆడుదూడలకు ఈ రోగము రాకుండ టీకా వేయ సంకల్పించినది. నాలుగు మొదలు ఎనిమిది నెలల ప్రాయమున నొక్కమాఱు వేసిన చాలును. సంకల్పము శ్లాఘనీయమే. అయితే ఆ టీకాలో నున్నది, బలము తగ్గినదైనను, ప్రాణముగల సూక్ష్మజీవియే. దూడ విదలించుకొన్న క్షణమున సూది జాఱి వ్రేలిలో దిగినను, మందుచుక్క కంటిలో చిందినను, టీకా వేసినవాడే రోగి కావచ్చును. దూడను కాపాడు మందు మనుష్యునకు రక్ష కాదు.

1984 నాటి భారత పశువైద్యమండలి చట్టము, నమోదైన వైద్యుడు గానివాడు పశువైద్యము చేయరాదని విధించుచునే, టీకాలు, గాయములకు కట్లు మొదలగు చిన్నపనులను అట్టి వైద్యుని పర్యవేక్షణమునకు లోబడి శిక్షణపొందిన సహాయకుడు చేయవచ్చునని అనుమతించినది. పర్యవేక్షణ మనగా నేమి? సాయంకాలము లెక్కపుస్తకమున సంతకము చేయుటయేనా? నేడు దూడలెన్ని యని యడుగు నధికారి, చేతితొడుగులెన్ని యని యడుగవలదా? పనిని ఆజ్ఞాపించినవారికే ఆ పనిలోని యపాయమునకును బాధ్యత గలదని మేము నిశ్చయముగా చెప్పుచున్నాము.

వైద్యునకు మఱియొక ధర్మసంకటము గలదు. పశువుల అంటురోగముల నివారణకై 2009లో చేసిన చట్టము, ఇట్టి వ్యాధిని దాచక తెలుపవలెనని శాసించుచున్నది. రైతో, “బయటపెట్టకండి బాబూ, సంతలో అమ్ముకుంటాను” అని చేతులు జోడించును. ఆ దైన్యమును చూచి మనసు కరగనివాడు మనుష్యుడు కాడు. కాని అచట మౌనము వహించిన వైద్యుడు ఒక పేదవాని నష్టమును మఱియొక పేదవాని పాకకు తోలినవాడగును. చట్టము నోరు తెఱువుమన్నప్పుడు ప్రభుత్వము చేయి చాపవలెను. నిజము చెప్పిన రైతును నష్టమున విడిచినచో, దాచుటకు మనమే దారి చూపినవారమగుదుము.

చేయవలసినది బ్రహ్మవిద్య కాదు. చేతితొడుగులు, కండ్లకు అద్దములు, వాడిన సూదులకు గట్టిపెట్టె యుండవలెను. సూది గుచ్చుకొన్నచో వెంటనే సబ్బునీట కడిగి, ఆ దినమే డాక్టరునకు చూపవలెను. మాయను పెంటపై పాఱవేయక సున్నముతో లోతుగా పాతవలెను. వదలివదలి వచ్చు జ్వరము, చెమటలు, కీళ్లనొప్పులతో వచ్చిన రోగిని వైద్యుడు మొదట “నీ పని యేమి?” అని యడుగవలెను. అడుగకున్న మలేరియా యనియో టైఫాయిడనియో పొరబడుట సులభము. పోల్చినచో సామాన్యముగా రెండు మందులు కలిపి ఆఱు వారములు వాడుదురు. పశువైద్యవృత్తిలో సోకిన అంటురోగమును 2020 నాటి సామాజిక భద్రతాస్మృతి వృత్తివ్యాధుల పట్టికలో చేర్చినది. కాని రోగము పేరే తేలనివానికి ఆ పట్టిక యేమి యక్కఱకు వచ్చును?

పశువునకు నోరు లేదని మనము జాలిపడుదుము. నోరుండియు ఉద్యోగభయమున పెదవి విప్పని సహాయకుని మాట మన మెత్తవలదా? మందుసీసాల పెట్టెతో పాటు చేతితొడుగుల పెట్టెయు గ్రామమునకు రానినాడు, ఆ పూటకు టీకాలు నిలుపుటయే న్యాయమని మా దృఢాభిప్రాయము.