శవచౌర్యం – ఒక మాట కథ

అర్థవంతమైన రెండు పదాలు కలిసి ఒకే పదంగా ఏర్పడితే దానిని సమాసం అంటారు. తెలుగులో వలెనే ఆంగ్లంలోనూ సమాసాలున్నాయి. ‘బాడీ స్నాచింగ్’ అటువంటిదే. పూడ్చిన శవాన్ని రహస్యంగా తవ్వి అపహరించడమని దీని అర్థం. దీనిని మనం ‘శవచౌర్యం’ అనవచ్చు. ‘శవము యొక్క చౌర్యం’ అని విగ్రహవాక్యం. ఇది షష్ఠీ తత్పురుష సమాసం.

‘బాడీ’ ప్రాచీనాంగ్లంలోని ‘బోడిగ్’ నుండి వచ్చింది. మొదట మొండెమనే అర్థమున్న ఈ పదం, క్రమంగా శరీరాన్నీ మృతదేహాన్నీ కూడా తెలిపింది. ‘స్నాచ్’ అంటే చటుక్కున లాగుకొనడం. మనం చిరుతిండికి వాడే ‘స్నాక్’ దీనికి చుట్టమే. ఒకప్పుడు ఆ మాటకు కుక్క కాటు అని అర్థం.

18వ శతాబ్దిలో బ్రిటన్‌లో వైద్యవిద్య విస్తరించింది. 1752 నాటి చట్టం ఉరితీసిన హంతకుల దేహాలను శవపరిచ్ఛేదానికి అప్పగించింది. అవి చాలలేదు. అందువల్ల కొందరు రాత్రివేళ కొత్త సమాధులు తవ్వి, శవాలను వైద్య పాఠశాలలకు అమ్మసాగారు. జనం వారిని ఎగతాళిగా ‘మృతులను లేపేవారు’ అన్నారు.

ఇక్కడొక విచిత్రం ఉంది. ఆనాటి ఆంగ్ల న్యాయం ప్రకారం శవం ఎవరి ఆస్తీ కాదు. కనుక శవాన్ని తీసుకొనిపోవడం దొంగతనం కాదు, చిన్న నేరం మాత్రమే. శవంపై కప్పిన వస్త్రాన్ని తీసుకుంటే మాత్రం దొంగతనమే! అందుకే వారు వస్త్రాన్ని సమాధిలోనే వదిలి వెళ్లేవారు. ధనికులు దృఢమైన శవపేటికలు కొనగలిగారు, కాపలాదారులను నియమించుకోగలిగారు. పేదలకు ఆ రక్షణ లేదు.

1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారుమందిని చంపి, శవాలను అమ్ముకున్నారు. వారు సమాధులు తవ్వలేదు, ప్రాణాలే తీశారు. 1829లో బర్క్‌ను ఉరితీసి, అతని దేహాన్నే పరిచ్ఛేదానికి ఇచ్చారు. అతని పేరు ఆంగ్లంలో ‘ఊపిరాడకుండా చంపు’ అనే క్రియగా నిలిచింది.

1832లో వచ్చిన చట్టం, ఎవరూ కోరని మృతదేహాలను వైద్యవిద్యకు వాడుకొనడానికి అనుమతించింది. శవచౌర్యం తగ్గింది. కాని అనాథాశ్రయాలలో మరణించిన పేదల దేహాలే ఎక్కువగా పరిచ్ఛేదానికి చేరాయి. మరణించినవారి సమ్మతిని ఎవరూ అడగలేదు.

నేడు ఎందరో తమ ఇష్టంతో దేహాన్ని వైద్యవిద్యకు ఇస్తున్నారు. ‘దేహదానం’ కూడా షష్ఠీ తత్పురుషమే. వైద్య విద్యార్థికి కావలసిన దేహం ఒక్కటే. అది చౌర్యమా, దానమా అన్నది మనిషి సమ్మతిపై ఆధారపడి ఉంటుంది.