కొలిమి ఆగదు, మనసు ఆగాలి

భిలాయిలో అందరికీ ఒకేసారి తెల్లవారదు. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిన నాటి నుంచి ఈ ఊరు మూడు షిఫ్టుల మీద నడుస్తోంది. కోక్ ఓవెన్ చల్లారితే లోపలి సిలికా ఇటుకలు బీటలు వారతాయి. అందుకే నిప్పు ఆరకూడదు, నిప్పు ఆరకూడదు కాబట్టి మనుషులు వంతులు మారాలి. ఉదయం ఆరింటికి ఒక జట్టు, మధ్యాహ్నం రెండింటికి మరొకటి, రాత్రి పదింటికి ఇంకొకటి. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలు సెక్టార్ 5 బాలాజీ గుడిలో సుప్రభాతం వినే వేళకు, వాళ్లింటి మనిషి డ్యూటీకి వెళ్తూనో, నైట్ షిఫ్టు దిగి వస్తూనో ఉంటాడు. రోజూ బ్రాహ్మీ ముహూర్తాన లేచి ధ్యానం చేయమనే సలహా ఇలాంటి చోట చెల్లదు. ఇక్కడ ప్రార్థనను గంటకు కాదు, షిఫ్టుకు ముడిపెట్టుకోవాలి.

వేళ తప్పిన పూజకు ఫలమేమిటని పెద్దలు అడగవచ్చు. కానీ వేళ తప్పుతుందని సంప్రదాయానికీ తెలుసు. సంధ్యావందనంలో కాలం మీరినవారి కోసం ప్రాయశ్చిత్త అర్ఘ్యం ఉంది. సమయానికి చదవలేకపోయిన నమాజును తర్వాత ఖజాగా పూర్తి చేస్తారు. రెండూ చెప్పేది ఒకటే: ఆలస్యమైతే ఫరవాలేదు, మానేయడమే లోటు. డ్యూటీ దిగి స్నానం చేశాక, ఫోన్ ముట్టకముందు పది నిమిషాలు కూర్చుంటే అదే ఆ రోజుకు సంధ్య. అయితే దీన్ని మందుగా అమ్మకూడదు. రాత్రి షిఫ్టు పని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లోనే వర్గీకరించింది. జపం నిద్ర బాకీ తీర్చదు. నిద్ర తగ్గించుకుని కూర్చోవడం భక్తి కాదు, పొరపాటు.

ఇదంతా తీరికున్నవాళ్ల మాట, కాంట్రాక్టు కూలీకి ఎక్కడ కుదురుతుందన్నది అసలైన అభ్యంతరం. అది నిజం కూడా. కరిగిన ఇనుము ముందు కళ్లు మూసుకోమని ఎవరూ అనరు. అందుకే ప్రశాంతతను వ్యక్తి క్రమశిక్షణకే వదిలేయడం అన్యాయం. వరసగా ఐదు గంటలకు మించి పని చేయించకుండా కనీసం అరగంట విరామం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం నిర్దేశించింది. 1976 సవరణ కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారినీ కార్మికులుగానే లెక్కించింది. ఆ అరగంట పూర్తిగా దక్కితేనే మౌనం గురించి మాట్లాడే అర్హత మనకుంటుంది. మూడు షిఫ్టులకూ క్యారేజీ కట్టే ఇల్లాలికి ఆ విరామం రాసిన చట్టమూ లేదు. ఆమెకు ఆ పది నిమిషాలు ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.

ఏటా సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకు యంత్రాలకు బొట్టు పెట్టి దండ వేస్తాం. వాటిని నడిపే మనిషికి రోజూ కాసేపు నిశ్శబ్దం ఇవ్వడం అంతకన్నా పెద్ద పూజ. ఈ వారం మీ ఇంటి షిఫ్టు చార్టు పక్కనే ఆ పది నిమిషాలూ రాసి పెట్టండి.