దూరదేశపు వర్తకులును, స్వచ్ఛంద కార్మికనియమములును

గ్రామపెద్దలారా, మీ మనుమడు తొడుగుకొను చొక్కాను ఒకమారు చేతబట్టి చూడుడు. ప్రత్తి యొకదేశమున పండును, కుట్టుపని మఱియొకదేశమున జరుగును, మెడపట్టీపై పేరు మాత్రము ఐరోపాలోనో అమెరికాలోనో నున్న వర్తకునిది. ఆ వర్తకునకు సొంత కర్మాగారము తఱచుగా నుండదు. గుత్తదారులు కుట్టించి పంపుదురు. అట్టియెడ కుట్టువారికి అన్యాయము జరిగినచో ఎవ్వరి నడుగవలయును?

ప్రతిదేశమునకును శాసనములు కలవు. కాని యొక దేశపు శాసనము సరిహద్దు దాటిపోజాలదు. శాసనమున్నను తనిఖీ లేని దేశములును కలవు. ఈ లోపమును పూరించుటకే స్వచ్ఛందనియమములు పుట్టినవి. 1976లో ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థయు, 1977లో అంతర్జాతీయ కార్మికసంస్థయు బహుళజాతి వ్యాపారులకు ప్రవర్తనసూత్రములను ప్రకటించినవి. 1997లో న్యూయార్కునందలి యొక సంస్థ ‘ఎస్.ఎ. 8000’ అను ప్రమాణమును వెలువరించెను. దీనిని పాటింపుమని ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపదు. కర్మాగారపు యజమాని తానై కోరి, పరీక్షకు లోబడి, యోగ్యతాపత్రము పొందును.

అందలి నియమములు వినదగినవి. వారమునకు 48 గంటలకు మించి సాధారణపుపని చేయింపరాదు. అదనపుపని కార్మికుని యిష్టముపై ఆధారపడవలయును, అదియు 12 గంటలు దాటరాదు. ఆఱు దినములు పనిచేసినవానికి ఏడవదినము విశ్రాంతి. కూలి కుటుంబపు కనీసావసరములకు చాలవలయును. సంఘము పెట్టుకొనువానిని బాధింపరాదు. పదునైదేండ్లలోపు బాలురను పనిలో పెట్టుకొనరాదు. బడిపంతులనైన నాకు ఇందు మిక్కిలి నచ్చిన మాట యొకటి కలదు. కర్మాగారమున బాలుడు కనబడినచో వానిని వీధిలోనికి గెంటివేసి చేతులు దులుపుకొన గూడదు. వాడు బడికి పోవుటకు వలసిన సాయమును యజమానియే చేయవలయును. గెంటబడిన పిల్లవాడు ఇంతకంటె హీనమైన పనికి పోవుననుట మనమెఱుగని సంగతి కాదు.

ఇంత చక్కని నియమములకు బలమెంత? పరీక్షాధికారి వచ్చుదినము ముందుగా తెలిసిన బడిలో గోడలకు సున్నము పడుటయు, పిల్లలు చొక్కాలు ఉదికించుకొని వచ్చుటయు నేను అనేకపర్యాయములు చూచితిని. కర్మాగారములును అట్టివే. పైగా ఇచ్చట పరీక్షించువారికి రుసుము చెల్లించువాడు పరీక్షింపబడు యజమానియే!

కరాచీ నగరమున అలీ ఎంటర్‌ప్రైజెస్ అను వస్త్రకర్మాగారము 2012 ఆగస్టులో ఈ యోగ్యతాపత్రమును పొందెను. సెప్టెంబరు 11వ తేదీన అందు అగ్ని చెలరేగెను. కిటికీలకు ఇనుపకమ్ములు, తలుపులు మూయబడియుండెను. 250 మందికి పైగా మరణించిరి. నిప్పు పెట్టినవారు వేఱని 2020లో అచ్చటి న్యాయస్థానము తీర్పుచెప్పినది, నిజమే. అయినను తలుపులు తెఱచియున్నచో ఎందఱో బయటపడియుండెడివారు. ఆ తలుపులను చూచుటయే గదా పరీక్షకుని పని! ఆ కర్మాగారమున దుస్తులు కుట్టించుకొనిన జర్మనీ వర్తకసంస్థ 2016లో, అంతర్జాతీయ కార్మికసంస్థ మధ్యవర్తిత్వమున, ఏబది లక్షల డాలర్లకు పైబడిన పరిహారమున కొప్పుకొనెను.

2013 ఏప్రిల్ 24న ఢాకా సమీపమున రాణాప్లాజా అను ఎనిమిదంతస్తుల కట్టడము కూలి 1,100 మందికి పైగా చనిపోయిరి. ముందుదినముననే గోడలు బీటలువాఱినవి. క్రిందనున్న బ్యాంకువారు తమ ఉద్యోగులను ఇంటికి పంపిరి. కుట్టుపనివారిని మాత్రము మరల లోనికి పిలిచిరి. అప్పుడు వర్తకులును కార్మికసంఘములును కలిసి ఒక ఒడంబడిక వ్రాసికొనిరి. అందు చేరుట ఇష్టము. చేరినపిమ్మట తప్పించుకొనుటకు వీలులేదు. వివాదము వచ్చినచో మధ్యవర్తుల తీర్పునకు కట్టుబడవలయును. తనిఖీఫలితములు బహిరంగముగా ప్రకటింపబడును. మరమ్మతులు చేయని కర్మాగారమునకు ఒడంబడికలో చేరిన వర్తకులెవ్వరును పని యీయరాదు. రెండువందల సంస్థలు దానిలో చేరినవి. 2023 నుండి ఇట్టి ఒడంబడికయే పాకిస్తానమునందును, ఆ కరాచీ నగరముతో గూడ, అమలులోనికి వచ్చినది.