వెలుగు కాలవ దాటాలి

యానాం వాసిని రాజధాని ఏదని అడిగితే క్షణకాలం తటపటాయిస్తాడు. మాట తెలుగు, కూర తెలుగు, చుట్టూ ఉన్న నేలంతా ఆంధ్రప్రదేశ్. రాజధాని మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న తమిళ నగరం పుదుచ్చేరి. 1954లో ఫ్రెంచి పాలన నుంచి చేతులు మారి, 1962లో చట్టబద్ధంగా భారతదేశంలో విలీనమైన ఈ ముప్పై చదరపు కిలోమీటర్ల ఊరికి చరిత్ర రాసిపెట్టిన చిరునామా అది. మా ఊరివాళ్లు అక్కడికి ఎక్కువగా పనుల మీదే వెళతారు. సచివాలయంలో కాగితం కదిలినా కదలకపోయినా, రాత్రి బీచ్ రోడ్డు మాత్రం చూసి వస్తారు. తిరిగి వచ్చాక చెప్పేది ఆ దీపాల గురించే.

నిజానికి ఆ నగరాన్ని చీకటి పడ్డాకే చూడాలి. సాయంత్రం ఆరింటికి సముద్రతీరపు గూబేర్ వీధిలో వాహనాలు ఆగిపోతాయి. సెంజి నుంచి తెచ్చిన రాతి స్తంభాల నడుమ గాంధీ విగ్రహం, మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన సైనికుల స్మారకం, 1836 నాటి పాత దీపస్తంభం వరుసగా వెలుగుతాయి. కాస్త లోపలికి వెళితే భారతి పార్కు మధ్యన తెల్లటి ఆయి మండపం. పగలు సూర్యుడు అన్నిటినీ సమానంగా చూపిస్తాడు. రాత్రి దీపం ఎంచుకుని చూపిస్తుంది. ఏ గోడ మీద వెలుగు పడాలో నిర్ణయించేవారే ఏ గతం కనబడాలో కూడా నిర్ణయిస్తారు. అందుకే స్మారకాల రాత్రి అలంకరణను సౌందర్య విషయంగా మాత్రమే చూడలేము. అది కులం ప్రశ్న కూడా.

ఆయి మండపంతోనే మొదలుపెడదాం. పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నం మీద ఉన్నది ఈ మండపమే. దీని వెనుక కథలో మన తెలుగువారు ఎంతో అభిమానించే శ్రీకృష్ణదేవరాయలు ఉన్నాడు. పదహారో శతాబ్దంలో ఆ ప్రాంతానికి వచ్చిన రాయలు ఒక అందమైన కట్టడాన్ని గుడి అనుకుని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి, అవమానంతో కూల్చివేయమని ఆజ్ఞాపించాడట. కూల్చే పని తనకే వదిలిపెట్టమని ఆయి వేడుకుంది. తన ఇంటిని తానే పడగొట్టి, ఆ చోట ప్రజల కోసం చెరువు తవ్వించింది. మూడు శతాబ్దాల తర్వాత, మూడవ నెపోలియన్ కాలంలో, మంచినీళ్లు లేక అల్లాడుతున్న ఫ్రెంచివారి నగరానికి ఆ చెరువు వైపు నుంచే నీళ్లు తెచ్చారు. ఆ కృతజ్ఞతకు గుర్తుగా మండపం వెలిసింది.

ఈ కథను త్యాగగాథగా చెప్పుకోవడం మనకు అలవాటు. ఒకసారి ఇందులోని నేరాన్ని వెతికి చూడండి. పొరబడింది రాజు, నమస్కరించింది రాజు. ఇల్లు పోగొట్టుకున్నది ఆమె. అంటరానితనపు న్యాయశాస్త్రమంతా ఈ ఒక్క తీర్పులో ఉంది. మైల పడ్డానని పెద్దవాడు అనుకుంటే చాలు, శిక్ష ఎప్పుడూ రెండోవారిదే. తర్వాత ఆమె నీళ్లకు మైల అంటలేదు, ఎందుకంటే అవసరం పాలకులది. 1927 మార్చిలో మహద్‌లో అంబేడ్కర్ చౌదార్ చెరువు నీళ్లను దోసిట పట్టినప్పుడు మాత్రం ఆ చెరువును పంచగవ్యంతో శుద్ధి చేశారు. చెరువు ఎవరు తవ్వినా నీళ్లు ఎవరివో నిర్ణయించేది కులమే. జోగినీ, దేవదాసీ ఆచారాల నిషేధానికి 1988లో చట్టం చేయాల్సి వచ్చిన రాష్ట్రం మనది. ఆయి కథ మనకు పరాయిది కాదు.

మా ప్రాంతపు విద్యార్థులు కొందరితో కలిసి ఒక రాత్రి ఆ వీధుల్లో నడిచాను. ఫ్రెంచి వీధుల పసుపు గోడల మీద దీపాలు చూస్తూ పడమరకు నడిచి మురుగు కాలవ దగ్గరకు చేరాం. అక్కడ ఒకమ్మాయి ఆగి, “సార్, లైట్ల జోరంతా కాలవకి ఇవతలే ఉందేంటండి?” అని అడిగింది. నిజమే. అవతల వీధిదీపాలున్నాయి, దుకాణాలున్నాయి, అంతకంటే ఎక్కువ జనం ఉన్నారు. కానీ గోడల్ని చూసి ముచ్చటపడమని చెప్పే వెలుగు అక్కడ పలచబడింది. ఆ కాలవే ఒకప్పటి తెల్లపట్నానికీ నల్లపట్నానికీ సరిహద్దు.

అయితే సరిహద్దులు తెల్లవాడితో మొదలు కాలేదు. నల్లపట్నంలో వెల్లాల వీధి, చెట్టి వీధి అని పేర్లే చెబుతాయి. దళితుల చేరి వాటికి ఆవల. దూప్లెక్స్ దొరకు దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లె దినచర్య గ్రంథంలో 1745 నాటి ఒక సంఘటన నమోదై ఉంది. అప్పటి చర్చి లోపల సవర్ణ క్రైస్తవులకూ దళిత క్రైస్తవులకూ మధ్య గోడ ఉండేది. దేవుడి ముందు అందరం సమానమైతే ఈ గోడ ఎందుకని దళితులు మతగురువును నిలదీశారు. గోడ తొలగించారు. వెంటనే సవర్ణ క్రైస్తవులు ఆందోళనకు దిగారు. పడగొట్టిన గోడకు దీపాలంకరణ ఉండదు. కానీ ఆ నగరంలో సమానత్వానికి స్మారకం పెట్టదలిస్తే దానికంటే తగిన చోటు నాకు తోచదు.

1873లో పొన్నుతంబి అనే న్యాయవాది బూట్లు వేసుకుని న్యాయస్థానానికి వెళ్లి శిక్షకు గురయ్యాడు. స్వదేశీయుడికి బూట్లేమిటన్నది అభ్యంతరం. ఆయన ఫ్రాన్సు దాకా పోరాడి గెలిచాడు. 1881లో వచ్చిన ఉత్తర్వు ప్రకారం కులధర్మాన్ని వదులుకుని ఫ్రెంచి పౌరస్మృతిలోకి రావడానికి వీలు కలిగింది. అప్పుడు ఆయన ‘లాపోర్త్’ అనే ఇంటిపేరు తీసుకున్నాడు. ఆ మాటకు తలుపు అని అర్థం. ఆ తలుపులోంచి మనుషులుగా గుర్తింపు దొరుకుతుందని ఎందరో అణగారినవారు ఆశపడ్డారు. కాగితం మీద తలుపు తెరుచుకుంది, రాజకీయాధికారం మాత్రం ఆధిపత్య కులాల చేతుల్లోనే ఉండిపోయింది. సమానత్వం నినాదమైన గణతంత్రం ఆచారం జోలికి వెళ్లకుండా జాగ్రత్తపడింది. 1929 నాటి శారదా చట్టం తర్వాత బ్రిటిష్ సీమ నుంచి బాల్యవివాహాల కోసం జనం యానాంకు తరలివచ్చారంటే కారణం ఆ జాగ్రత్తే.

ఇక అసలు రాత్రి ఎవరిది? పేష్వాల పుణెలో మధ్యాహ్నం మూడు దాటాక, ఉదయం తొమ్మిదిలోగా మహర్లు, మాంగులు నగర ద్వారం దాటకూడదన్న కట్టడి గురించి చరిత్రకారులు రాశారు. ఆ వేళల్లో నీడ పొడుగ్గా పడుతుంది, ఆ నీడ పైవారిని తాకుతుంది. మన పల్లెల్లో రాత్రి దళితుడికి నిషిద్ధం కాదు, విధి. కావలి అతనిది, దండోరా అతనిది, శవం కాలేదాకా కాచుకోవడం అతనిది. పెద్దింటి పెళ్లి ఊరేగింపులో పెట్రోమాక్స్ లైట్లను నెత్తిన మోసినవారెవరో డెల్టాలో పెద్దవాళ్లను అడగండి. వెలుగంతా పెళ్లికొడుకు మీద, వేడంతా మోసేవారి మాడు మీద. అలాంటి ఇళ్ల పిల్లలు ఇవాళ రాజధాని వీధిలో ఏ పనీ లేకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా నడవడం చిన్న విషయం కాదు. విహారం కూడా పోరాడి సాధించుకున్న హక్కే.

మన ఇతర రాజధానుల్లో వెలుగు కొంత జరిగింది. హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న హుస్సేన్‌సాగర్ తీరాన 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలిచింది, పక్కన సచివాలయానికీ ఆయన పేరే. విజయవాడలో 2024 జనవరి 19న పీఠంతో కలిపి 206 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించారు. రాత్రివేళ అవి దూరానికి కూడా కనిపిస్తాయి. సంతోషమే. కానీ ఈ రెంటికీ ముందు, 2022 మే 24న, మా గోదావరి పాయ అవతల అమలాపురంలో కోనసీమ జిల్లాకు ఆయన పేరు చేర్చడాన్ని సహించలేక ఇళ్లు తగలబెట్టారు. ఆ మంట కూడా రాత్రి చాలా దూరం కనిపించే వెలుగే. విగ్రహానికి నమస్కరిస్తూనే పేరును భరించలేని సమాజం ఆనాటి రాయలవారి తీర్పు దగ్గరే ఆగి ఉంది.

యానాం నుంచి ఎదుర్లంకకు గౌతమి మీద ఉన్న వారధి లోక్‌సభ తొలి దళిత స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పేరు మోస్తోంది. ఆ పేరు నచ్చలేదని ఎవరూ దిగి పడవ ఎక్కడం లేదు. అన్ని కులాలవారూ రాత్రీ పగలూ ఆ పేరు మీదుగానే నది దాటుతున్నారు. నిత్యావసరంలో భాగమైనప్పుడు పేరు నిలబడుతుంది. స్మారకాల విషయంలోనూ మనం కోరవలసింది ఇదే.

ఆయి మండపం దగ్గర ఆమె ఇల్లు ఎందుకు కూలిందో తమిళం, తెలుగు, మలయాళం, ఫ్రెంచి భాషల్లో రాసి పెట్టాలి. 1745 నాటి గోడ గురించి, బూట్ల కేసు గురించి నగరానికి వచ్చేవారికి తెలియాలి. ఆ కథలు చెప్పే పని చేరి కుటుంబాల యువతకు ఉపాధిగా దక్కాలి. తెల్లవారకముందే ఆ వీధుల్ని ఊడ్చేవారి వాడల్లోనూ అంతే శ్రద్ధగా దీపాలు పెట్టాలి. యానాం నుంచి, కోనసీమ నుంచి రాజధానులు చూడబోయే విద్యార్థులకు నా మాట ఒక్కటే. దీపాల ముందు ఫొటోలు తీసుకోండి, తర్వాత కాలవ దాటి ఇంకో అర కిలోమీటరు నడవండి. అక్కడ మీకు దారి చెప్పేవారిని వారి వీధి కథ కూడా అడగండి.