హక్కు అను మాట: ఆంగ్లంలో సమాజాన్ని గూర్చి మాట్లాడుట



సమాజం, సమానత్వం, మానవ హక్కులు – వీటిని గూర్చి ఆంగ్లంలో పది వాక్యాలు చెప్పుమనగానే మనలో పలువురు తడబడుదురు. ఇదే విషయంపై తెలుగులోనో, ఉర్దూలోనో అరగంట అనర్గళంగా మాట్లాడగలవారు సైతం ఆంగ్లమనగానే మౌనం వహింతురు. వ్యాకరణ భయం ఒక్కటే దీనికి కారణం కాదు. ఈ మాటలు ఎక్కడో పడమటి దేశాలలో పుట్టినవనీ, మన బ్రతుకులతో వీటికి పొత్తు లేదనీ ఒక అపోహ మనలో ఉన్నది. ఆ అపోహను తొలగించుటయే ఈ చిన్న వ్యాసం ఉద్దేశ్యం.

పలు భాషలను ఒకచోట చేర్చుట ఈ నేలకు కొత్త కాదు. వేములవాడ చాళుక్యుల కాలంలో, 10వ శతాబ్దిలో, పంప మహాకవి సోదరుడు జినవల్లభుడు గంగాధర సమీపాన కురిక్యాల బొమ్మలగుట్టపై ఒక శాసనం చెక్కించెను. సంస్కృతం, కన్నడం, తెలుగు ఆ ఒక్క రాతిపైననే ఉన్నవి. అట్టి ప్రాంతపు బిడ్డలకు తెలుగు, ఉర్దూ, ఆంగ్లం మూడింటిని జోడించుకొనుట అసాధ్యం కాబోదు.

మొదట 'రైట్' అను మాటను తీసుకొందము. దీనికి మనం వాడునది 'హక్కు'. ఇది అరబ్బీలోని 'హఖ్' అను మాట. ఫార్సీ, ఉర్దూల మీదుగా మన పల్లెలకు చేరినది. హఖ్ అనగా సత్యం; న్యాయంగా రావలసినది అని కూడ అర్థం. ఆంగ్లంలోని 'రైట్' సైతం సరియైనదానిని, మనకు చెందవలసినదానిని ఒకే మాటతో తెలుపును. 'ప్రాథమిక హక్కులు' అన్నప్పుడు సంస్కృత విశేషణం, అరబ్బీ నామవాచకం పక్కపక్కన కూర్చున్నవి. దానిని పలుకునప్పుడు ఎవ్వరికిని అది పరాయి మాటగా తోచదు.

అయితే 'రైట్'కు చుట్టాలుగా కనిపించు మాటలు మరి మూడు కలవు. వాటితో జాగ్రత్త అవసరం. 'ఫేవర్' ఒకరి దయ. 'కన్సెషన్' ఒక సడలింపు. ఇచ్చినవారు తిరిగి తీసుకొనవచ్చును. 'ప్రివిలేజ్' కొందరికి మాత్రమే ఉన్న ప్రత్యేక సౌకర్యం. 'రైట్' మాత్రం నిరాకరించినచో నిలదీయదగినది. ప్రాథమిక హక్కుకు భంగం కలిగినచో రాజ్యాంగం 32వ అధికరణం ప్రకారం నేరుగా సుప్రీంకోర్టు తలుపే తట్టవచ్చును. నియమాల ప్రకారం తనకు రావలసిన స్కాలర్‌షిప్ కొరకు వ్రాయు విద్యార్థి 'ఐ బెగ్' అని మొదలుపెట్టనక్కరలేదు. 'ఐ యామ్ ఎంటైటిల్డ్' అనవచ్చును. వినయం ఉండవలసినదే, యాచన మాత్రం అవసరం లేదు.

ఇక 'డిగ్నిటీ'. దీనిని గౌరవమని అనువదింతుము. కాని మన వాడుకలో గౌరవం వయస్సును, హోదాను, విద్యను బట్టి ఒకరు మరొకరికి ఇచ్చునది. డిగ్నిటీ ఎవ్వరును ఇచ్చునది కాదు. మనిషిగా పుట్టుటతోనే వచ్చునది. 'నీ బాంచన్ దొరా, కాల్మొక్తా' అను మాట ఒకనాడు తెలంగాణ పల్లెలలో నిత్యం వినిపించెడిది. బాంచన్ అనగా దాసుడను అని అర్థం. ఒక మనిషి మరొక మనిషి ఎదుట తనను తాను దాసునిగా చెప్పుకొనవలసి వచ్చినప్పుడు లోపించినది డిగ్నిటీయే. ఈ ఉదాహరణ తెలిసినవానికి నిఘంటువుతో పని లేదు.

1948 డిసెంబరు 10న ఐక్యరాజ్య సమితి ప్రకటించిన విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలోనే ఈ మాట ఉన్నది. ఆ అధికరణంలో 'ఆల్ మెన్' అని ఉండవలసిన చోట 'ఆల్ హ్యూమన్ బీయింగ్స్' అని మార్పించిన ఘనత మన దేశ ప్రతినిధి శ్రీమతి హంసా మెహతాకు దక్కినది. మొదటి మాటలో స్త్రీలు చేరిరో లేదో అను సందేహమునకు తావుండెడిది. రెండవదానిలో ఆ తావు లేదు. ఒక్క మాట మారినచో ఎందరికి చోటు దొరకునో దీనిని బట్టి గ్రహింపవచ్చును.

మన మాటలు ఆంగ్లంలోనికి పోయిన సందర్భం ఇంకను విశేషమైనది. భారత రాజ్యాంగపు ఆంగ్ల ప్రతిలో 23వ అధికరణం మనుషుల క్రయవిక్రయాన్ని, నిర్బంధ శ్రమను నిషేధించుచు 'బేగార్' అను మాటను యథాతథంగా వాడినది. కూలి ఇవ్వక చేయించుకొను చాకిరికి ఉర్దూలో ఉన్న పేరు అది. దానినే మనం వెట్టి అన్నాము. తరువాత 1976లో వచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం, దేశంలోని నిర్బంధ శ్రమ రూపాలకు ఒక పట్టిక ఇచ్చినది. అందులో భగేలా, జీతా, పాలేరు అను పేర్లు ఉన్నవి. అక్షరక్రమంలో చిట్టచివరి పేరు 'వెట్టి'. ఈ పేర్లకు ఫలితం లేకపోలేదు. ఇట్టి పద్ధతులలో అప్పు ఒప్పందం ఉన్నట్లే సాధారణంగా భావింపవలెనని చట్టం చెప్పినది. కావున చదువురాని జీతగాడు కాగితం చూపలేనంత మాత్రాన అతని మొర కొట్టివేయబడరాదు.

ఇచ్చట అనువాదకునికి ఒక హెచ్చరిక. 'జీతగాడు' అను మాటను 'శాలరీడ్ మ్యాన్' అని అనువదించినచో అప్పు కింద ఏళ్ల తరబడి ఆసామి ఇంట కట్టుబడిన పాలేరు కాస్తా బ్యాంకు ఉద్యోగి అగును! అచ్చట సరియైన మాట 'బాండెడ్ లేబరర్'.

చట్టంలో మాట చేరినంతనే ఊరిలో ఆచారం మాయం కాలేదు. ఆ తరువాత కూడ మన సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతాల రైతుకూలీలు వెట్టికి వ్యతిరేకంగా ఉద్యమింపవలసి వచ్చినది. 1978లో ఆ రెండు తాలూకాలు 'డిస్టర్బ్డ్ ఏరియాస్', అనగా కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటింపబడినవి. వెట్టిని అడిగినవారి ఊరికి కల్లోలితమని పేరు వచ్చెను. వెట్టి సాగిన నాళ్లలో అదే ఊరు ప్రశాంతమనిపించుకొనెను. ఏ మాట ఎవరి పక్షాన నిలిచి పలుకబడుచున్నదో గమనించుట కూడ భాషాధ్యయనంలో భాగమే. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకొనుట కూడ 'ఫోర్స్‌డ్ లేబర్' అగునని తీర్పు చెప్పినది. ఆకలి కూడ ఒక నిర్బంధమే అని ఆ తీర్పు సారాంశం.

'ఈక్వాలిటీ' అనగా సమానత్వం, ఉర్దూలో ముసావాత్. అందరిని ఒకే తీరున చూచుటయే సమానత్వమని తొందరపడి అనరాదు. 1951లో మొదటి సవరణ ద్వారా చేరిన 15వ అధికరణం నాలుగవ ఖండం, వెనుకబడిన వర్గాలకు ప్రత్యేక ఏర్పాట్లు చేయుటకు వీలు కల్పించినది. అది 'డిస్క్రిమినేషన్', అనగా వివక్ష, కాదు. వెనుక మిగిలినవారిని బాట మీదికి తెచ్చు ప్రయత్నం.

చివరిది 'మైనారిటీ'. అల్పసంఖ్యాకులన్నప్పుడు 'అల్ప' అను మాట సంఖ్యకే గాని విలువకు చెందదు. ఈ మాటకు రాజ్యాంగం నిర్వచనం ఇయ్యలేదు. మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాకులను రాష్ట్రాన్ని ప్రమాణంగా తీసుకొని నిర్ణయింపవలెనని 2002లో సుప్రీంకోర్టు పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పినది. ఇచ్చట అధిక సంఖ్యాకుడైన తెలుగువాడు బ్రతుకుదెరువుకై సిరిసిల్ల నుండి భివండీ మగ్గాలకు పోయినచో, అచ్చట భాష చేత అల్పసంఖ్యాకుడగును. కాబట్టి 30వ అధికరణం ఎవరో కొందరి కొరకు మాత్రమే వ్రాయబడినది కాదు. తమ విద్యాసంస్థను తామే స్థాపించి నడుపుకొను ఆ హక్కు రేపు మనలో ఎవరికైనను అవసరపడవచ్చును.

మిత్రులారా! ఈ మాటలను పట్టికగా బట్టీపట్టవలదు. ప్రతి మాట పక్కన మీ ఊరి నుండి ఒక ఉదాహరణ వ్రాసుకొనుడు. 'బేగార్' పక్కన మీ తాతగారిని అడిగి తెలిసికొన్న సంగతి, 'డిగ్నిటీ' పక్కన మీరు కన్నులార చూచిన సంఘటన ఉండనిండు. అప్పుడు ఆంగ్లం పరీక్ష కొరకు మోయు బరువు కాక, మన మాటను దూరము వినిపించు సాధనమగును. హక్కు అను మాటను మనమెప్పుడో మన మాటగా చేసుకొంటిమి. ఇక దానిని మూడు భాషలలోను తలయెత్తి పలుకుట మన వంతు.